గుడ్డెలుగు తిరిగే గుట్టల్లో: చేయవలసినవి, చేయకూడనివి

ఎలుగుబంటి మనిషిని వెతుక్కుంటూ రాదు. దానికి కావలసింది చెదలు, చీమలు, తేనె, రేగుపండ్లు. అయినా బళ్ళారి సరిహద్దు ఊళ్ళలో దాని గోళ్ళ గుర్తులు ముఖాన మిగిలినవాళ్ళు కనబడుతూనే ఉంటారు. పగబట్టిందనో, మనిషి రక్తం మరిగిందనో చెప్పుకునే మాటల్లో పస లేదు. జరిగేది ఒకటే. గుండు మలుపులోనో, చేని గట్టు మీదనో ఇద్దరూ ఉన్నట్టుండి ఎదురుపడతారు. గుడ్డెలుగుకు చూపు తక్కువ, చెవులూ అంతంతమాత్రమే. ముక్కు మాత్రం గట్టిది. పుట్టలో మూతి దూర్చి చెదలు పీల్చుకునేటప్పుడు మన అడుగుల చప్పుడు దాని చెవిన పడదు. తలెత్తేసరికి మనిషి నెత్తిన ఉంటే పారిపోవాలన్న ఆలోచన దానికి రాదు, మీద పడుతుంది. కాబట్టి కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా మనం వస్తున్న సంగతి దానికి ముందే తెలిసేలా చూసుకోవడం గురించే.

దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. అప్పట్లో దాని విస్తీర్ణం 55 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2009లో బుక్కసాగరం అడవిని కలపడంతో 82 దాటింది. 2021లో బళ్ళారిని చీల్చి విజయనగర జిల్లా చేశాక కమలాపురం వైపు భాగం అటు పోయింది, దరోజి ఊరు, సండూరు తాలూకా ఇటు మిగిలాయి. అంతకుముందు 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పంచారు. ఎలుగు ఈ పంపకాలేవీ ఎరగదు. దరోజి, సండూరు, గుడేకోట, రాయదుర్గం కొండల వరుసంతా దానికి ఒకే ఇల్లు. కథలు వినే తరానికి దరోజి అంటే బుర్రకథ ఈరమ్మ ఊరు. ఇప్పటి పర్యాటకులకు ఎలుగుల ఊరు. అడవి శాఖ బోర్డులు ఎక్కువగా ఈ పర్యాటకుల కోసం రాసినవే. ఎలుగుకు నిజంగా ఎదురుపడేది మాత్రం వాళ్ళు కాదు. జీవాలు తోలుకెళ్ళే కాపరి, చెనక్కాయ చేనికి కావలి పోయే రైతు, చీకటితో చెంబు పట్టుకుని బయటికి పోయే ఆడమనిషి, సీతాఫలాల కోసం గుట్టెక్కే పిల్లలు ఎదురుపడతారు. ఈ మాటలు ముందు వాళ్ళకు, తర్వాతే పర్యాటకులకు.

నడిచేటప్పుడు

తెల్లారుజామున, పొద్దు గూకే వేళ గుట్టల దారిన ఒంటరిగా పోకండి. ఎలుగు పగలంతా గుండ్ల సందుల్లో, గుహల్లో పడుకుని సాయంత్రం దిగుతుంది, రాత్రంతా మేసి తెల్లారేసరికి పైకెక్కుతుంది. మనం చేనికి పోయే వేళ, అది ఇల్లు చేరే వేళ ఒకటే కావడంతోనే చిక్కంతా వస్తోంది. పని తప్పకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి, పైకి మాట్లాడుకుంటూ నడవండి. తోడెవరూ లేకపోతే పాట పాడండి, కర్రతో రాళ్ళ మీద కొట్టండి, కర్రకు ఒక గజ్జె కట్టుకోండి. సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టుకోవడం మంచిదే కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం అన్నిటికన్నా చేటు. అది మనల్ని వినదు, మనం దాన్ని వినం.

వినడం ఎందుకంటే, మేసే ఎలుగు నిశ్శబ్దంగా ఉండదు. దానికి పైదవడ ముందుపళ్ళలో నడిమి రెండూ ఉండవు. ఆ సందులోంచి ముందు ఊపిరి బలంగా ఊది పుట్టమన్ను చెదరగొడుతుంది, తర్వాత చెదల్ని జుర్రుకుంటుంది. గురక పెట్టినట్టు, గట్టిగా ముక్కు చీదినట్టు ఉండే ఆ శబ్దం నూరు గజాలకు పైగా వినబడుతుంది. దారిలో అడుగడుక్కీ ఆగి వినమని కాదు గానీ పొదలు దట్టంగా ఉన్న మలుపుకు ముందు, వంకలో దిగే ముందు ఒక్క క్షణం నిలబడండి.

నేలను కూడా చూడండి. అప్పుడే తవ్విన పుట్ట, తేమ ఆరని ఎర్రమన్ను, రేగు గింజలు నిండిన పేడ కనబడితే అది దగ్గర్లోనే ఉందని లెక్క. అడుగుజాడ మొదటి చూపుకు మనిషి ఉత్తకాలి గుర్తులా ఉంటుంది. తేడా వేళ్ళలో తెలుస్తుంది. ఐదు వేళ్ళూ దాదాపు ఒకే వరుసలో ఉండి, వాటికి ముందు ఎడంగా గోళ్ళు దిగిన గుంటలు కనిపిస్తాయి. మూడు నాలుగు అంగుళాల గోళ్ళవి. అలాంటి గుర్తు కొత్తగా కనబడితే వచ్చిన దారినే వెనక్కి పోండి, ఇంకాస్త ముందుకు పోయి చూద్దామనుకోకండి.

గుహల్లో, గుండ్ల కింది సొరంగాల్లో తొంగి చూడొద్దు, కట్టె పెట్టి పొడవొద్దు, పొగ పెట్టొద్దు. చలికాలంలో అయితే అసలే వద్దు. ఎలుగులు ఎక్కువగా ఆ నెలల్లోనే ఈనుతాయి. చలి విరిగాక తల్లి పిల్లల్ని వీపున ఎక్కించుకుని బయటికొస్తుంది. వీపు మీద పిల్లలున్న ఎలుగు అన్నిటికన్నా ప్రమాదం. పిల్ల ఒక్కటే కనబడిందంటే తల్లి పదడుగుల్లో ఉందని అర్థం. ముద్దుగా ఉందని ఎత్తుకోబోయే పిల్లలకు ఈ మాట బడిలోనే చెప్పాలి.

కుక్కను వెంట తీసుకుపోతే ధైర్యంగా ఉంటుందంటారు. కుక్క మొరిగి ఎలుగును రేపుతుంది, అది తరిమితే తోక ముడిచి యజమాని కాళ్ళ సందుకే వస్తుంది, వెనకాలే ఎలుగూ వస్తుంది. అలవాటు లేని కుక్కను ఇంటి దగ్గరే కట్టేయండి.

చెంబుతో బయటికి పోవడం గురించి ఎవరూ రాయరు, సిగ్గుపడతారు. చీకటిలో, పొదల చాటున, ఒంటరిగా, కూర్చుని ఉన్న మనిషి ఎలుగు కంటికి మనిషిలా కనబడదు. మరుగుదొడ్డి కట్టించుకోండని చెప్పడం తేలిక, నీళ్ళు లేని మరుగుదొడ్డి చాలాచోట్ల కట్టెలు దాచే కొట్టమైపోయింది. అది బాగుపడే వరకు ఆడవాళ్ళు జతగా, బ్యాటరీ లైటుతో, ఊరికి దగ్గరగా ఉన్న బయలులోకే పోవాలి. గుట్ట మొదట్లోకి, జిల్లేడు పొదల్లోకి పోవద్దు.

ఎదురుపడితే

దూరాన ఉండి అది మిమ్మల్ని చూడకపోతే చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గండి. చూసిందనుకుంటే నిలబడండి. వెన్ను చూపించి పరుగెత్తొద్దు. పొట్టికాళ్ళతో తడబడుతూ నడిచే ఆ జంతువు పరుగులో మనిషిని తేలిగ్గా అందుకుంటుంది. అది రెండు కాళ్ళ మీద లేచి నిలబడితే మీద పడబోతోందని బెదిరిపోకండి, వాసన పట్టడానికీ ఆనవాలు కట్టడానికీ అలా లేస్తుంది. తక్కువ గొంతుతో మాట్లాడుతూ, ముఖం దాని వైపే ఉంచి, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేయండి. దానికి పారిపోయే దారి వదలండి. రాళ్ళు రువ్వొద్దు. కర్ర ఉంటే మీకూ దానికీ మధ్య అడ్డుగా చాపి పట్టుకోండి, కొట్టడానికి ఎత్తొద్దు.

చిన్నప్పుడు చదువుకున్న ఇద్దరు స్నేహితుల కథ గుర్తుందా? ఒకడు చెట్టెక్కాడు, ఇంకొకడు చచ్చినట్టు పడుకున్నాడు, ఎలుగు వాడి చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయింది. ఆ కథ నమ్ముకుని మన గుట్టల్లోకి పోకూడదు. తేనెపట్టు కోసం చెట్లెక్కడమే ఎలుగు వృత్తి, కాబట్టి చెట్టెక్కినవాడికి రక్షణ లేదు. పడుకున్నవాడు కొంత నయం, అదీ వెల్లకిలా పడుకోనంతవరకే. ఎలుగు పంజా, పళ్ళు మొదట వెతికేది ముఖాన్ని, తలను. నిజంగా మీద పడితే బోర్లా పడుకోండి, రెండు చేతుల వేళ్ళూ మెడ వెనక బిగించండి, మోచేతులతో ముఖం రెండు పక్కలా కప్పుకోండి, గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. అది వదిలి పోయినా వెంటనే లేవొద్దు. కదలిక కనబడితే మళ్ళీ వస్తుంది. చప్పుడు పూర్తిగా దూరమయ్యాకే లేవాలి. వీపు మీద గాయాలు మానుతాయి, కన్ను పోతే తిరిగి రాదు.

గాయమైనవాళ్ళను చూసేవాళ్ళు

ముఖం గాయం చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, నెత్తురు ధారగా కారుతుంది. శుభ్రమైన పంచెతోనో చీర చెంగుతోనో గట్టిగా అదిమి పట్టండి. నెత్తి మీది చర్మం లేచిపోతే కోసి పారేయకండి, ఉన్నచోటికే సర్ది గుడ్డ కట్టండి. స్పృహలో ఉంటే ముందుకు వంచి కూర్చోబెట్టండి, నెత్తురు గొంతులోకి పోకుండా ఉంటుంది. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, ఆకు పసరు పెట్టకండి. వాటిని కడగడానికే ఆసుపత్రిలో మొదటి అరగంట పోతుంది.

నెత్తురు కట్టాక, చిన్న గాట్లయినా సరే, ధారగా పారే నీళ్ళతో, సబ్బుతో పావుగంట కడగాలి. కుక్కకాటుకే కాదు, ఎలుగు, నక్క, కోతి, ఏది కొరికినా గీరినా రేబిస్ టీకా వేయించుకోవాలి, లోతు గాయాలకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. ధనుర్వాతం సూది దీనికి బదులు కాదు. 108కి ఫోన్ చేయండి. ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు బళ్ళారిలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, జనం నోట ఇప్పటికీ విమ్స్‌గానే నిలిచిన పేరు. రాష్ట్రం వేరు కదా అని రాయదుర్గం వైపువాళ్ళు దగ్గరి ఆసుపత్రిని దాటుకుని దూరం పోకండి. అత్యవసర చికిత్సకు ఊరు పేరు అడ్డం కాదు.

చేను, గుడి, బావి

కాపుకొచ్చిన చెనక్కాయ, మొక్కజొన్న చేలల్లోకి ఎలుగూ అడవిపందీ వస్తాయి. మంచె నేలకు ఎత్తుగా ఉండాలి, కావలికి ఇద్దరుండాలి, నిద్రపోయేవాడు నేల మీద పడుకోకూడదు. డప్పు, డబ్బా, టపాకాయ, మంట ఇవన్నీ పనికొస్తాయి. కంచెకు నేరుగా కరెంటు తగిలించడం మాత్రం చేయొద్దు. అది నేరం అన్న సంగతి పక్కన పెట్టినా, తెల్లారి ఆ తీగను తాకేది తరచుగా పక్క చేను రైతో, ఆ రైతు ఎద్దో. పందుల కోసం పెట్టే నాటుబాంబులు, ఉచ్చులు కూడా అంతే. నోరు పగిలిన ఎలుగు, కాలు తెగిన ఎలుగు బతికి ఉన్నన్నాళ్ళూ ఆ ఊరికి గండం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గుడ్డెలుగు మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపినా పట్టినా జైలే.

కొండల మీది గుళ్ళలో దీపాల నూనె, కొబ్బరి చిప్పలు, బెల్లం, అరటిపండ్లు ఎలుగుకు పండగ భోజనం. నూనె తాగి, కొబ్బరి తిని పోయిందని విన్నప్పుడు భక్తిగా దండం పెట్టుకునేవాళ్ళున్నారు, జాంబవంతుడే వచ్చాడని మురిసిపోతారు. అలవాటు పడిన ఎలుగు పూజారికి ఎదురుపడే రోజు దగ్గర పడుతోందని వాళ్ళకు తట్టదు. సాయంత్రం గుడి మూసే ముందు చిప్పలు, పండ్లు, నూనె మిగుళ్ళు ఎత్తేసి తలుపు బిగించండి. పొద్దున తాళం తీసేవాళ్ళు ముందు గంట కొట్టి, కాసేపు ఆగి లోపలికి పోవాలి. ఊరవతల చెత్తకుప్పల్లో హోటలు ఎంగిలి పోయడమూ ఇలాంటిదే.

ఎలుగు ఊళ్ళోకి వచ్చిందనగానే ఊరంతా సెల్‌ఫోన్లతో చుట్టుముడుతుంది. నిజమైన గాయాలు అప్పుడే అవుతాయి. ఒక దిక్కు ఖాళీగా వదలండి, పిల్లల్ని ఇళ్ళలో పెట్టండి, కర్ణాటక అడవి శాఖ 1926కు ఫోన్ చేయండి, అది కలవకపోతే 112కు. బావిలో పడితే జనం దూరం జరగడమే సాయం. ఎక్కడానికి నిచ్చెనో దుంగో వాలుగా దించి, రాత్రికి అందరూ తప్పుకుంటే చాలాసార్లు అదే ఎక్కి పోతుంది. మత్తు సూది వేయమని సిబ్బంది మీద ఒత్తిడి తేవొద్దు. 2023 ఏప్రిల్‌లో కేరళ వెల్లనాడులో బావిలో పడ్డ ఎలుగుకు మత్తిస్తే, అది నీళ్ళలో మునిగి చచ్చిపోయింది.

పాములు, నీళ్ళు, గనులు

మనుషుల ప్రాణాలు తీయడంలో పాముల ముందు ఎలుగు లెక్కలోకి రాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ ఇక్కడున్నాయి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి కూడా సరిగ్గా తెలియదు. మంచం, దోమతెర, రాత్రి నడకకు లైటు ఉంటే సగం గండం తప్పినట్టే. కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాలు కదలకుండా బద్దతో కట్టి, సర్కారు ఆసుపత్రికే తీసుకుపోండి. విరుగుడు సూది అక్కడ ఉచితం. పామును చంపి చూపించాల్సిన పని లేదు. మంత్రగాడి దగ్గర పోయే గంటే ప్రాణం ఖరీదు.

తుంగభద్రలో, ఆనకట్ట దిగువన ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల ఏరు 2015 నుంచి నీటికుక్కల సంరక్షణ ప్రాంతం. తూటాలు పేల్చి చేపలు పట్టొద్దు, బ్లీచింగు పొడి కలపొద్దు. అవి నీటికుక్కలనే కాదు, తూటా పట్టుకున్నవాడి చెయ్యినీ తీసుకుపోతాయి. ఏటి నడిమి గుండ్ల మీద బట్టలుతికేవాళ్ళు, పుట్టిలో ఎక్కేవాళ్ళు ముందు ఆనకట్ట సంగతి కనుక్కోండి. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వది కొట్టుకుపోయినప్పుడు ఎవరూ ముందుగా కబురు పెట్టలేదు, పెట్టడానికి వీలూ లేదు. వానాకాలంలో ఏటి నడుమ రాత్రి పడుకోవద్దు. పుట్టిలో లైఫ్‌జాకెట్టు లేకుండా ఎక్కొద్దు. మొసళ్ళున్న మడుగుల దగ్గర బిందె ముంచేటప్పుడు ఒంగి కూర్చోవద్దు.

సండూరు కొండల్లో 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించింది, 2013 తీర్పుతో కొన్ని గనులు మళ్ళీ తెరుచుకున్నాయి, కొన్ని మూతబడ్డాయి. వదిలేసిన గుంటల్లో వాననీళ్ళు నిలిచి చెరువుల్లా కనబడతాయి. అవి చెరువులు కావు. చెరువుకు ఉండే వాలు వాటికి ఉండదు, అంచు నుంచి ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు, ఎక్కుదామంటే ఎర్రమట్టి జారిపోతుంది. జీవాలను నీళ్ళకు అక్కడికి తోలొద్దు, పిల్లల్ని ఈతకు పంపొద్దు.

చూడ్డానికి వచ్చేవాళ్ళు

దరోజి అభయారణ్యంలో కరడికల్లు గుడ్డ ఎదుటి మంచె మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకే. ఎలుగులు దిగడానికి బండల మీద బెల్లపు ముద్ద పూయడం అక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు, కానీ ఆ బండకూ మంచెకూ మధ్య దూరం మీ రక్షణ కోసమే ఉంది. కిందికి దిగి ఫోటో తీయొద్దు. అత్తరు పూసుకోవద్దు, అరవొద్దు, తినుబండారాలు వదలొద్దు, ఫ్లాష్ వాడొద్దు. బోర్డు కన్నడంలో ఉందని వదిలేయకండి. ఆ లిపి మనదానికి దగ్గరి చుట్టమే, కూడబలుక్కుంటే వస్తుంది. ‘కరడి’ అని కనబడితే ఎలుగే. పచ్చగొంతు పికిలిపిట్ట కోసం వచ్చేవాళ్ళు దాని కూతను ఫోన్‌లో పదేపదే వినిపించి పిలవొద్దు. ఎండుగడ్డి రోజుల్లో బీడీ ముక్క విసిరితే గుట్ట మొత్తం అంటుకుంటుంది.

సిరుగుప్ప నల్లరేగళ్ళలో బట్టమేక పిట్ట కంటబడితే మీ అదృష్టం. ఫోటో పెట్టి ఊరి పేరు బయట పెట్టకండి, అడవి శాఖకు చెప్పి ఊరుకోండి.

పరిహారం కావాలంటే

మనిషికి గాయమైనా, జీవం చచ్చినా, చేను పాడైనా ఆ రోజే కబురు పెట్టండి. ఏ రాష్ట్రంవాళ్ళయినా సరే, సంఘటన ఏ అటవీ రేంజి నేల మీద జరిగిందో ఆ రేంజి కార్యాలయానికే ముందు పోండి. సరిహద్దు రాయికి ఏ పక్కన జరిగిందన్నదే తర్వాత తగాదా అవుతుంది కాబట్టి, ఆ చోటి ఫోటోలు ఫోన్‌లో స్థానం నమోదయ్యేలా తీయండి. కొరికేసిన కంకులు, తవ్విన మడి, అడుగుజాడ పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. చచ్చిన మేకను అధికారులు చూడకముందే పూడ్చేయకండి. ఆసుపత్రిలో గాయం ఏ జంతువు వల్లనో రాసిన ధ్రువపత్రం అడిగి తీసుకోండి, డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు. దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.